తాగింది తిన్నట్టు గాదు

ఏప్రిల్ 10, 2023, సోమవారం

ఈ వారం టైఫాయిడ్ నాలుగు. పోయిన వారం రెండు. మార్చి మొత్తానికి ఒకటి.

ప్రతి సోమవారం ఊరి జబ్బుల లెక్క జిల్లాకు పంపడం నా పని. జ్వరాలెన్ని, వాంతులెన్ని, తిండితో వచ్చినవెన్ని. పదకొండేళ్లుగా పంపుతున్నాను. వాటిని ఎవరూ చదవరని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. సున్నా పెడితే ఫోన్ రాదు, అంకె పెడితే వస్తుంది. అందుకే పక్క ఊళ్ల నర్సులు సున్నాలు పెట్టుకుని చల్లగా బతుకుతున్నారు. నాకు ఆ తెలివి లేదు. ఈరోజు ఫోన్ వచ్చింది.

కొత్త డాక్టరు అశోక్‌కుమార్ గారు కాగితం చూసి, "ఏడుగురూ ఒకే వీధివాళ్లా ఉషగారూ?" అన్నారు. ఆయనది ఖమ్మం. గేరి అనే మాట ఇంకా నోరు తిరగలేదు. అవును, ఒకే గేరి, మా సాలెగేరి. పన్నెండు వందల మంది, ఒకే నల్లా లైను, ఆ పైపేమో మురుగు మోరీలోంచి పోతుంది. ఇంకేం కావాలి? నీళ్లే అని చెప్పాను. నీళ్లు పరీక్షకు పంపమన్నారు.

పొద్దున అంబలి కుండ దించుతూ అమ్మ కుడి డొక్క పట్టుకుంది. గ్యాస్ అంటుంది. ఊరందరికీ నేను నర్సునే, అమ్మకు తప్ప.

ఏప్రిల్ 12, బుధవారం

జబ్బుపడినవాళ్లు ఏం తిన్నారో అడిగి రాసే ఫారం వచ్చింది, ఇంగ్లిషులో. ఆశా వర్కరు రామమ్మ దాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. "గత మూడు వారాల్లో స్వీకరించిన ఆహారం" అని అడిగితే మా గేరివాళ్లు ఆమె మొహమే చూస్తారు. అందుకని మా మాటలోకి నేనే మార్చాను. పొద్దుగాల ఏం తిన్నరు? పగటీలి ఏం తిన్నరు? మాపటీలి ఏం తిన్నరు? బయట ఏం తిన్నరు? నీళ్లకు వేరే ప్రశ్న పెట్టాను, నల్లావా బోరువా అని.

డాక్టరుగారు చదివి, ఇంత సులువుగా ఉన్న ఫారం తానెక్కడా చూడలేదన్నారు. లోపల కొంచెం పొంగిపోయాను. ఎందుకు దాచడం, ఇది నా డైరీయే కదా.

ఏప్రిల్ 14, శుక్రవారం

నీళ్లు బాగానే ఉన్నాయని రిపోర్టు. నేను నమ్మను. ఇంకోసారి పంపాను.

ఏప్రిల్ 17, సోమవారం

ఈ వారం ఆరు. మొత్తం పదమూడు.

రామమ్మ ఫారాలు తెచ్చి బల్ల మీద పడేసింది. "పొద్దుగాల ఏం తిన్నరంటే ఏం దినలే అంటున్నరు ఉషమ్మా. అందరిది అదే పాట." ఏం తినకుండా ఈ జబ్బెలా వస్తుంది? గాలి పీల్చితే వస్తుందా? జనం అబద్ధాలు చెబుతారు, బద్ధకానికి చెబుతారు. రామమ్మను కసిరాను. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది.

"బయట ఏం తిన్నరు" దగ్గర మాత్రం దారి దొరికింది. పదమూడు మందిలో ఐదుగురు బస్టాండు దగ్గర విజేందర్ బండి మీద పానీపూరీ తిన్నారు. విజేందర్ మా గేరివాడే. మగ్గం మూలపడ్డాక ఆ బండి పెట్టుకున్నాడు. ఒకే బకెట్లో ప్లేట్లు ముంచడం నేనే చూశాను. పంచాయతీకి కాగితం రాశాను, సాయంత్రానికి బండి మూయించారు.

విజేందర్ దవాఖాన గుమ్మం దగ్గరికి వచ్చాడు. గొడవ చేస్తాడనుకున్నాను. మెల్లగా అడిగాడు.

"అక్కా, నా బండి కాడ ఎక్కువ తినేది బస్టాండోల్లు, కాలేజోల్లు. ఆల్లెవ్వరికి రాని జరం మన గేరోల్లకే ఎట్లొచ్చింది?"

"అది నీకు చెప్పాల్సిన పని నాకు లేదు" అన్నాను. అదేం జవాబు? కానీ నోట్లోంచి వచ్చేసింది.

ఏప్రిల్ 19, బుధవారం

అమ్మ నాతో మాట్లాడడం లేదు. విజేందర్ గురించే.

"పోరడు పొద్దుమాపు కష్టం జేస్కొని బతుకుతుండు. వాని నోటికాడి కూడు గుంజినవ్" అంది పొద్దున. తరవాత నా గ్లాసులో అంబలి పోసి పక్కన పెట్టి వెళ్లిపోయింది. కోపమొచ్చినా పోయడం మానదు. నేను భర్తను వదిలేసి సంచితో వచ్చిన రోజు కూడా ఒక్క మాట అడగలేదు. గ్లాసు నింపి ఇచ్చింది.

నాయిన పోయి వచ్చే నెలకు రెండేళ్లు. ఆ ఏడు ఊళ్లో ఎవరు పోయినా కరోనానే. నాయినకు పరీక్షలో లేదని వచ్చినా కరోనానే అన్నారు, నేనూ అదే అన్నాను. ఆయన పేరు మీద పోయిన ఎండాకాలం అమ్మ గేరి మొదట్లో పందిరి వేసి అంబలి కుండ పెట్టింది. జొన్నపిండి రాత్రే నానబెట్టి, కోడి కూయకముందే ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి, ఉప్పు, ఉల్లిగడ్డ వేసి కలుపుతుంది. గరిటెతో కలిపితే ఉండలు పోవంటుంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి పిసుకుతుంది. "చెయ్యి వడ్తెనే రుచి."

అమ్మకు అక్షరాలు రావు. ఎంతమంది తాగారో దారానికి ముళ్లేసి చెబుతుంది, పడుగు పోగులు లెక్కపెట్టే పద్ధతిలోనే. పది మందికో ముడి. నిన్నటి దారానికి పద్నాలుగు ముళ్లు. ఆ దారాలన్నీ నాయిన మగ్గానికి కట్టి ఉంచుతుంది. నా రిజిస్టరు కన్నా అదే నయం, కనీసం రోజూ ఎవరో ఒకరు చూస్తారు.

ఏప్రిల్ 22, శనివారం

సంధ్యకు జ్వరం. ఎదురింటి పిల్ల, ఐదో నెల కడుపుతో ఉంది. అమ్మకు నేనొక బిడ్డ, సంధ్య ఒక బిడ్డ. కడుపుతో ఉన్న పిల్ల ఎండలో నిలబడొద్దని అమ్మే రోజూ చెంబుతో అంబలి తీసుకెళ్లి ఇచ్చి వస్తుంది.

నూట మూడు ఉంది. రక్తం తీశాను. మాత్రలు మొదలుపెట్టాం. దేవుడా, ఈ ఒక్కటి కాకుండా చూడు.

ఏప్రిల్ 24, సోమవారం

ఐదు. మొత్తం పద్దెనిమిది. సంధ్యది పద్దెనిమిదోది.

డాక్టరుగారు ఫారాలన్నీ బల్ల మీద వరసగా పరిచారు. వేలితో ఒక్కో గడి చూపించుకుంటూ పోయారు.

"ఉషగారూ, పొద్దున గడి చూడండి. పద్దెనిమిదిలో పదహారు ఖాళీ. ఇక్కడ జనం పొద్దున ఏమీ తినరా?"

"మగ్గం మనుషులు సార్. పదకొండు దాకా ఏం తినరు."

"ఖాళీ కడుపుతో అంతసేపు నేస్తారా?"

"అలవాటు సార్."

నేను చెప్పింది నిజమే. మా గేరిలో పొద్దున ఎవరూ ఏమీ తినరు.

ఇంటికొస్తుంటే పందిరి కింద జనం వరసలో నిలబడి ఉన్నారు. అమ్మ నన్ను చూసి చెయ్యెత్తింది. మోచేతి దాకా తెల్లగా ఉంది. ఎండ నలభై రెండు.

ఏప్రిల్ 25, మంగళవారం

రెండో నీళ్ల రిపోర్టు కూడా బాగుంది.

రేట్లు కట్టాను. సాలెగేరిలో వెయ్యి మందికి పదిహేను కేసులు. పక్కన గొల్లగేరిలో ఏడు వందల మంది, ఒక్కటీ లేదు. అదే నల్లా, అదే మోరీ, అదే పైపు. నీళ్లయితే వాళ్లకూ రావాలి. పానీపూరీ అయితే బస్టాండుకు రావాలి, పైగా బండి మూసి ఎనిమిది రోజులైంది.

అయినా నీళ్లే అయ్యుంటాయి. నీళ్లు కాక ఇంకేముంటుంది?

ఏప్రిల్ 26, బుధవారం

గొల్లగేరిలో మొదటి కేసు. మల్లన్న, గొర్రెల మల్లన్న. ఒక్కడికే వచ్చిందంటే అతను మా గేరిలో ఏదో ముట్టుకున్నట్టే. ఫారం పట్టుకుని నేనే పోయాను. దొరికింది అనుకుంటూ పోయాను, నడక కూడా జోరుగా ఉంది.

గొంగడి కప్పుకుని అరుగు మీద పడుకుని ఉన్నాడు. పొద్దుగాల ఏం తిన్నవు, పగటీలి ఏం తిన్నవు, అన్నీ అడిగాను. రొట్టె, కారం. ఇంట్లోవే.

"సాలెగేరిల ఏమన్న తిన్నవా మల్లన్నా? మంచిగ యాది చేస్కొని చెప్పు."

"ఏం దినలే బిడ్డా."

"ఏమన్నంటే ఏమన్న. బిస్కెట్టయినా సరే."

"తిననంటే తినలే. గొర్లు దోల్కపోతుంటె ఎండకు పానం తల్లడిల్లి, మీ అమ్మ కాడ చెంబెడు అంబలి దాగిన. గంతే. తాగింది తిన్నట్టు గాదు గద."

ఆ మాటన్నాక నన్ను చూసి, "నీకేమైంది బిడ్డా, జర కూసో" అని తనే లేచి చోటిచ్చాడు.

ఫారంలో గడి ఉంది, కలం చేతిలో ఉంది. "ఏమీ తినలేదు" అని రాశాను.

ఏప్రిల్ 27, గురువారం

రేపు రాస్తాను.

ఏప్రిల్ 28, శుక్రవారం

అంబలి ఉడుకుతుంది. ఉడికితే ఏ పురుగూ బతకదు, చిన్నపిల్లకు తెలుసు ఈ సంగతి.

నేను రోజూ తాగుతున్నాను. నాకేమైంది? ఏమీ కాలేదు.

రోజుకు నూట నలభై మంది తాగుతారు. వచ్చింది పందొమ్మిది మందికి. మిగతావాళ్లకు రాలేదు కదా.

మజ్జిగ అయ్యుండొచ్చు. మజ్జిగ గొల్లగేరి నుంచే వస్తుంది. వాళ్లదే తప్పు కావచ్చు. కానీ అదే మజ్జిగ వాళ్లూ తాగుతున్నారు, వాళ్లకెందుకు రాలేదు? అబ్బా.

మూడేళ్ల కింద పాలమూరులో రెండు రోజుల ట్రైనింగు ఇచ్చారు. ఆ నోట్సు వెతికి తీశాను. నా చేతిరాతే: "టైఫాయిడ్ తగ్గినా వందలో ముగ్గురి ఒంట్లో పురుగు ఉండిపోవచ్చు, ఏళ్ల తరబడి. మనిషి బాగానే ఉంటారు. ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు. వీళ్ల చేతి వంటతో ఇతరులకు..." కింద గీత కూడా గీశాను. ఆ రోజు భోజనంలో గుడ్డు కూర బాగుందని పక్కన రాసుకున్నాను.

అమ్మ కుడి డొక్క.

2021 జనవరిలో అమ్మకు ఇరవై రోజులు జ్వరం. ఆర్ఎంపీ సూదులేశాడు, టైఫాడ్ అన్నాడు. తగ్గింది. జూన్‌లో నాకు జ్వరం, నాయిన పోయిన దుఃఖంతో వచ్చిందన్నారు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ అంత తొందరగా రాదు. అందుకే ఇప్పుడు నాకు రావడం లేదా? జనవరిలో అమ్మకు. జూన్‌లో నాకు. మధ్యలో ఏప్రిల్‌లో

ఇక్కడితో చాలు.

ఏప్రిల్ 29, శనివారం

"అమ్మా, రెండు దినాలు బంద్ వెట్టు. నీకు డొక్కల నొస్తుంది గద" అన్నాను.

"నాకు నొస్తే నేను వండుకుంటనా? ఎండల మనుషులు సొమ్మసిల్లి పడ్తున్నరు. మీ నాయిన పేరు మీద వెట్టిన కుండ అది, నడిఎండల బంద్ వెడ్తనా?"

ఊరందరికీ చేతులు కడుక్కోమని చెప్పే నోరు, కన్నతల్లికి చెప్పడానికి రాలేదు.

అమ్మ స్నానానికి పోగానే కుండకు కాలు తగిలించాను. కావాలనే తగిలించాను. అంబలంతా వాకిట్లో పోయింది. అమ్మ వచ్చి చూసి, "నీ కాలుకు తగల్లే గద బిడ్డా?" అంది. పక్కింట్లో పిండి అడుక్కొచ్చి మళ్లీ ఉడికించింది. ఆలస్యమైందని జనానికి దండం పెట్టి మరీ పోసింది. చల్లార్చడానికి సమయం లేక మజ్జిగ ఎక్కువ పోసి, రెండు చేతులతోనూ పిసికింది.

నిన్న చెప్పి ఉంటే ఈరోజు ఇది లేదు. మొన్న చెప్పి ఉంటే రెండు రోజులు లేదు. రోజుకు పద్నాలుగు ముళ్లు. నేను లెక్కలు కట్టేదాన్ని, ఈ లెక్క కూడా వస్తుంది నాకు.

మే 1, సోమవారం

ఆరు. మొత్తం ఇరవై నాలుగు. మల్లన్నతో కలిపి.

సంధ్యకు జ్వరం తగ్గినట్టే తగ్గి, పొద్దున కడుపు బండలా బిగుసుకుంది. అంబులెన్సులో పాలమూరు తీసుకుపోయాం. దారిలో నా చెయ్యి పట్టుకుని, "అక్కా, బిడ్డ కదుల్తలేడు" అంది. కదులుతాడులే అన్నాను.

జడ్చర్ల దగ్గర ప్రమోద్ అందుకున్నాడు. సంధ్య మొగుడు, అక్కడి మందుల కంపెనీలో పని. అంబులెన్సు ఎక్కి సంధ్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

కాగితం ఇంకా జిల్లాకు పంపలేదు. పదకొండేళ్లలో మొదటిసారి సోమవారం దాటింది.

మే 2, మంగళవారం

పేగుకు చిల్లు పడిందట. ఆపరేషన్ చేశారు. బిడ్డ పోయాడు. సంధ్యకు తెలివి రాలేదు, రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేమన్నారు.

మధ్యాహ్నం అమ్మ బస్సెక్కి ఒక్కతే వచ్చింది. ఎప్పుడూ ఒంటరిగా పాలమూరు రాలేదు, ఎలా దారి తెలుసుకుందో. వరండాలో నా పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది.

"పిల్ల లేస్తే ఏం దిన చేతగాదు. జర అంబలన్న తాగుతది. పల్చగ జేసిన."

డబ్బా లాక్కున్నాను. మూత ఊడి అంబలి అమ్మ చీర మీద పడింది. జనం చూస్తున్నారు.

"నీ చెయ్యి అమ్మా" అన్నాను. "నీ చేతి నుంచే వస్తుంది. ఆ జరం నీకు తగ్గలే. నీ లోపట్నే ఉంది. నువ్వు పిసుకుతవు గద, అండ్లకెల్లి అందరికి వోతుంది. సంధ్యకు గూడ."

ఇలా చెప్పాలనుకోలేదు. ఇంట్లో కూర్చోబెట్టి, నీ తప్పేం లేదని ముందు చెప్పి, మెల్లగా చెప్పాలనుకున్నాను. ఆరు రోజులు మాటలు కూడబెట్టుకుని చివరికి అరిచాను.

అమ్మ ఏడవలేదు. చీర మీది అంబలి కొంగుతో తుడిచింది. రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

"ఎన్నొద్దులాయె నీకు ఎరుకయ్యి?"

"ఆరు."

"ఆరొద్దుల సంది నాతోని కలిపిచ్చినవా?"

కింద పడ్డ మూత ఏరి సంచిలో పెట్టాను.

మే 3, బుధవారం

అమ్మ కుండ బోర్లించింది. పొద్దున పందిరి కింద జనం చెంబులు పట్టుకుని నిలబడ్డారు. అమ్మ తలుపు తీయలేదు. నేనే బయటికి పోయి చెప్పాను. మా అమ్మ అంబలితో జ్వరం వస్తుండొచ్చు, తాగినవాళ్లందరూ పరీక్షకు రండి అన్నాను. ఎవరూ నమ్మలేదు. "ఎవ్వరో కండ్లు వెట్టిండ్రు, నీ మాటల్నేం బట్టుకుంటం" అని ఒక ముసలమ్మ నన్నే తిట్టింది.

అమ్మ మలం పరీక్షకు చిన్న డబ్బా ఇచ్చాను. తీసుకుంది, తెచ్చి ఇచ్చింది. డబ్బా మీద పేరు రాయాలి. లక్ష్మీనర్సమ్మ, అరవై రెండు, నేత.

డాక్టరుగారికి అంతా చెప్పాను, ఆ ఆరు రోజులతో సహా. "గడి ఖాళీగా ఉందని చూశాను, ఎందుకని ఇంకొక్క మాట అడగాల్సింది" అన్నారాయన. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఫారం కొట్టేసి మళ్లీ రాశాను. పొద్దుగాల ఏం తాగిండ్రు? రామమ్మ చదివి, "గిది ముందుగాల్నే అడిగితే అయిపోతుండె గద" అంది. అంతే అంది.

మే 4, గురువారం

విజేందర్ ఇంటికి పోయాను. పంచాయతీకి ఇంకో కాగితం రాశాను, బండి తీసుకోవచ్చని చెప్పాను. తప్పయిందన్నాను.

"బండి తీస్త అక్కా. కాని ఇప్పుడు నా కాడ ఎవ్వరు తింటరు?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

మే 5, శుక్రవారం

సంధ్య కళ్లు తెరిచింది.

మే 8, సోమవారం

ఐదు. మొత్తం ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది మంది అంబలి తాగారు. తాగని ఆ ఒక్కరూ ఒక తాగినవాడి భార్య.

అమ్మ రిపోర్టు వచ్చింది. ఉంది. పొట్ట స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్లు. నెల రోజులు మందులు వాడాలి, ఆపరేషన్ కూడా కావచ్చు. వరసగా మూడుసార్లు లేదని వచ్చేదాకా ఎవరికీ వండిపెట్టకూడదు. నాక్కూడా.

అమ్మ మగ్గానికి కట్టిన దారాలన్నీ డాక్టరుగారికి చూపించాను. ఏ రోజు ఎంతమంది తాగారో ముళ్లు లెక్కపెట్టి రాసుకున్నారు. ఆ లెక్క లేకుంటే రేటు కట్టడం కుదిరేది కాదన్నారు. పోయిన ఏడు మే, జూన్‌లో తొమ్మిది కేసులు వస్తే నీళ్లని రాసి పంపాను. అవి కూడా ఆ దారాలతో సరిపోయాయి.

కాగితం జిల్లాకు పంపాను. కారణం అనే గడిలో అమ్మ పేరు రాశాను. రాసినవారు అనే గడిలో నా పేరు. సాయంత్రం నాలుగుసార్లు ఫోన్ వచ్చింది.

మే 9, మంగళవారం

పొద్దున నేనే అన్నం వండాను. మాడింది. అమ్మ తింది.

తిన్నాక నాయిన మగ్గం దగ్గర కూర్చుని నన్ను పిలిచింది. వారం తరవాత అదే మొదటి మాట.

"జిల్లాకు పంపినవంట గద. సదువు."

"ఎందుకమ్మా?"

"ఎవరెవరో నాకెరుక గావద్దా?"

మగ్గం మీద మిగిలిన పడుగులోంచి ఒక పోగు తెంపుకుంది. నేను రిజిస్టరు తెరిచి పేర్లు చదివాను. ఒక్కో పేరుకు ఒక్కో ముడి వేసింది. ఈసారి పది మందికి ఒకటి కాదు. కొన్ని పేర్ల దగ్గర ఆపి అడిగింది, "ఇప్పుడు లేస్తుండా? తింటుండా?" అని. లేస్తుండు, తింటుండు అని చెప్పాను. సంధ్య పేరుకు రెండు ముళ్లు వేసింది.

ఇరవై తొమ్మిదో పేరు చదివి రిజిస్టరు మూశాను. అమ్మ ఇంకో ముడి వేసింది.

"అయిపోయినయ్ అమ్మా."

"యాడైపోయినయ్? మీ నాయినను మర్సినవ్."

ఈ మాట వస్తుందని పది రోజుల నుంచి భయపడుతున్నాను. జవాబు కూడా తయారుగా ఉంచుకున్నాను.

"నాయినది కరోనా అమ్మా. అందరు జెప్పిండ్రు గద."

"ముక్కుల పుల్ల వెట్టి సూస్తే లేదన్నరు గదనే. నువ్వే జెప్పినవ్ నాకు." ముడి గట్టిగా బిగించింది. "నాకు జరం దగ్గి నేను లేసినంక నెలనర్దానికి ఆయన వడుకున్నడు. ఆఖరికి తొమ్మిది దినాలు ఏం దినలే బిడ్డా. నేను తాపిందే తాగిండు."

దారం నా చేతిలో పెట్టి, పెరట్లోకి పోయి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

ముళ్లు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అమ్మ లెక్క తప్పలేదు.